తొందరేమీ లేదని రాసిన ఉత్తరం

ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఎవరికీ చెడ్డ కబురు తిన్నగా చెప్పేవారు కారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చకపోతే "ఉప్మా చాలా బాగుందండీ" అని మెచ్చుకుని వెళ్ళిపోయేవారు. ఇంటికొచ్చిన చుట్టం నెల దాటినా కదలకపోతే "మీ ఊళ్ళో మంచి వానలు పడ్డాయిటండీ" అనేవారు. ఆ చుట్టం కూడా "ఆయ్, అలాగేనటండీ" అని మర్నాడు పొద్దున్నే పడవెక్కేవాడు. చెప్పినవాళ్ళకి నోరు నొచ్చేది కాదు, విన్నవాళ్ళకి మనసు నొచ్చేది కాదు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరన్న ధీమాతోనే నేను ఇరవై రెండో ఏట టీచరమ్మనయ్యాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు మిషను వారి ఎలిమెంటరీ బళ్ళో మాస్టారు. నాకు ఉద్యోగం వచ్చింది అమలాపురం చుట్టుపక్కల ఒక హైస్కూల్లో (ఊరి పేరు చెబితే మా హెడ్మాస్టారు ఎవరో అందరికీ తెలిసిపోతుంది, అంచేత చెప్పను). స్వరాజ్యం వచ్చి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నాకు నాలుగో ఫారం ఇచ్చారు. ముప్ఫై నలుగురు పిల్లలు. ఉద్యోగం ఆ ఏడాది మట్టుకే, ఆపైన ఖాయం చేస్తారో లేదో హెడ్మాస్టారి చేతిలో ఉంది. అది నాకు తెలుసు గాని, నన్ను ఖాయం చెయ్యకపోవడానికి ఏ కారణం ఉంటుందో ఎంత ఆలోచించినా తోచేది కాదు.

మా హెడ్మాస్టారికి ఒక ఆనవాయితీ ఉండేది. పరీక్షలయి సెలవులిచ్చే రోజున ప్రతి పిల్లవాడి చేతా ఇంటికి ఒక ఉత్తరం పంపేవారు. బడి మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు, ఈ మూడు నెలల్లో బళ్ళో ఏమేం జరిగాయి, తోటలో వంకాయలు ఎన్ని కాశాయి, నాటకంలో ఎవరు ఏ వేషం కట్టారు, అన్నీ రాసి చివర్న ఆ పిల్లవాడి సంగతి నాలుగు వాక్యాలు రాయాలి. మార్కులు మాత్రం రాయకూడదు. అవి రిజిస్టరులో ఉంటాయి, కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు. నాకు ముందున్న మాస్టారెవరో మార్కులు ఉన్నవి ఉన్నట్టు రాసేస్తే, మనసు కష్టపెట్టుకుని ఇద్దరు తండ్రులు పిల్లల్ని బడి మాన్పించేశారట. "నిజం రాయాలమ్మా, నొప్పి మాత్రం తగలకూడదు," అన్నారు హెడ్మాస్టారు. అని, మడత పెట్టని ఒక కాగితం నా చేతిలో పెట్టారు. "మీ నాన్నగారికి నేను రాసిన ఉత్తరం ఇది. పెళ్ళికాని పిల్లవి, మా బళ్ళో పని చేస్తున్నావు, ఇంటికి కబురు పంపడం మా ధర్మం. చదువుకో. నీ క్లాసు వాళ్ళకీ ఇదే పద్ధతిలో రాయి."

ఆ ఉత్తరం ఇప్పటికీ నాకు కంఠస్థమే. "తమ కుమార్తె బడికి వేళకు వచ్చుచున్నారు. వారి కంఠము మూడు గదుల అవతలికి సైతము స్పష్టముగా వినవచ్చును. వారి తరగతిలో పిల్లలు మిక్కిలి స్వేచ్ఛగా మసలుకొనుచున్నారు. పాఠము నడుమ కథలు చెప్పుటయందు వారికి గల ప్రీతి బడి అంతటికీ తెలిసినదే. కాలక్రమమున పాఠమునందును అంతటి ప్రీతి కలుగగలదని మా ఆశ."

చదివాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. స్వేచ్ఛ అన్న మాట దేశానికే కొత్తగా వచ్చిన రోజులు, అది నా క్లాసులో ఉందని హెడ్మాస్టారే రాశారు. పైగా నా మీద ఆశ పెట్టుకున్నారు. అంతటి పెద్దాయన ఆశ పెట్టుకోవడమంటే మాటలా? ఆ ఊపులో రెండు రోజులు కూచుని ముప్ఫై నాలుగు ఉత్తరాలూ రాశాను. మాట్లాడ్డం ఆపని ఒక అమ్మాయి గురించి "మీ అమ్మాయి ఉన్నచోట స్తబ్ధత అన్నది ఉండదు" అన్నాను. పక్కవాడి పుస్తకంలో తప్పుల్తో సహా దించేసేవాడి గురించి "ఇరుగుపొరుగుల జ్ఞానమును గౌరవించును" అన్నాను. నాలుగు బెంచీల అవతల కూచుని రోజూ నిద్రపోయే ఒక పడవాయన కొడుకు ఉండేవాడు. వాడికి లెక్కల్లో నూటికి ఏడు, ఇంగ్లీషులో పదకొండు. తండ్రికి సొంత పడవ ఉంది గనక పిల్లలు వాణ్ణి చినపడవ అనేవారు. వాడి గురించి రాయడానికి ఒక పూట పట్టింది. రాశాక నా కలానికి నేనే ముచ్చటపడ్డాను.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళి హెడ్మాస్టారి ఉత్తరం నాన్నగారి చేతిలో పెట్టాను. ఆయన నిలబడే చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద పెద్దలందరి ముందూ మొదటి మూడు వాక్యాలూ పైకి చదివి వినిపించారు. మిగతావి కూడా చదవండి నాన్నగారూ అని నేను గొణిగితే, "చాలమ్మా, మనల్ని మనం ఎక్కువ పొగుడుకోకూడదు," అన్నారు. మా అమ్మ ఆ సాయంత్రం బూరెలు వండింది.

బడి తెరిచిన రోజున స్టాఫు రూములో నా కుర్చీ చుట్టూ సంత పెట్టినట్టయింది. మురమళ్ళ నుంచి వచ్చే ఆ మాటకారి పిల్ల తండ్రి స్వయంగా చక్కెరకేళీ గెల మోయించుకొచ్చాడు. "మా ఇంట్లోనూ అంతేనండీ, స్తబ్ధత ఉండనివ్వదండీ," అన్నాడు పొంగిపోతూ. ఒకరు పాలకోవా, ఒకరు పనసపొట్టు. ఈ బళ్ళో ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాని టర్ము ఇదేనని గుమాస్తాగారు కూడా అన్నారు. హెడ్మాస్టారు గెల వంక చూసి, నా వంక చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మెచ్చుకోవడానికి మాటలు దొరకలేదనుకున్నాను.

చినపడవ మాత్రం రాలేదు. రెండో రోజూ రాలేదు, వారమైనా రాలేదు. వరసగా రెండు వారాలు రాకపోతే రిజిస్టరులో పేరు కొట్టేసేవారు. ఒకసారి కొట్టేస్తే ఆ ఏడాది పోయినట్టే, పడవ వాళ్ళింట్లో ఏడాది పోయిందంటే చదువే పోయినట్టు. వాళ్ళ ఊరు ఓడలరేవు నుంచి వచ్చే ఒక అబ్బాయి చేత కబురంపాను. జవాబు తెచ్చాడు. తండ్రి వాణ్ణి పడవలో తన కూడా తిప్పుకుంటున్నాడట, కొబ్బరికాయలు వేసుకుని రాజమండ్రి వెళ్తున్నారట. "టీచరమ్మగారికి నమస్కారాలు చెప్పమన్నారండీ. తొందరేమీ లేదని ఆవిడే రాసేరు కదా అన్నారండీ."

నేను రాసిందే. ఆఖరి వాక్యం అదే, అందం కోసం రాశాను. వెళ్ళి నిజం చెప్పేస్తే నా ఉత్తరం గుట్టు బయటపడుతుంది, ఒకటి బయటపడితే ముప్ఫై నాలుగూ బయటపడతాయి, గెలలు తెచ్చినవాళ్ళే కర్రలు తెస్తారు, నా ఉద్యోగం గోదాట్లో కలుస్తుంది. చెప్పకపోతే వాడి పేరు కొట్టేస్తారు. పన్నెండో రోజు వరకూ ఏదో ఒకటి దానంతటదే జరక్కపోతుందా అని ఊరుకున్నాను. ఏదీ జరగలేదు.

పన్నెండో రోజు శనివారం. పడవ మా రేవులోనే ఆగిందని తెలిసి, ఒంటిపూట బడి అయిపోగానే గొడుగేసుకుని వెళ్ళాను. పడవాయన నన్ను చూసి తలపాగా తీసేశాడు. బల్ల వేసి పడవలోకి ఎక్కించి, చాప పరిచి, బొండాం కొట్టించి ఇచ్చాడు. నేను నోరు తెరిచేలోపే గూట్లోంచి రేకు పెట్టె తెచ్చి, అందులోంచి నా ఉత్తరం తీశాడు. తనకి చదువు రాదు గనక దారిలో కాలవ మీద ఏ లాకు దగ్గర పడవ ఆగినా అక్కడి గుమాస్తాల చేత చదివించుకుంటూ వచ్చాడట. రాజమండ్రి దాకా ఆ కాలవ పొడుగునా నా కవిత్వం తెలియనివాళ్ళు లేరు.

"ఇంతమంది చదివేరు గానండీ, రాసినవారి నోట వింటే ఆ అందమే వేరండీ. ఒక్కసారి చదివి పెట్టండమ్మా," అన్నాడు.

పడవలో ఉన్న కలాసీలు కూడా గెడలు పక్కన పెట్టి కూచున్నారు. చినపడవ చుక్కాని దగ్గర తల వంచుకున్నాడు. నేను చదివాను. "చిరంజీవి తరగతిలో ఎవరికీ ఏ ఇబ్బందియు కలిగింపక ప్రశాంతముగా ఉండును. లెక్కల విషయములో తొందరపడు స్వభావము కాదు. ఇంగ్లీషు నెమ్మదిగా అలవాటు కాగలదు. తొందరేమియు లేదు." పడవాయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. అంత సంతోషపడుతున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

"మీవాడు క్లాసులో నిద్రపోతాడండీ," అన్నాను. "లెక్కల్లో నూటికి ఏడొచ్చాయి. ఇంగ్లీషులో పదకొండు. సోమవారం బడికి రాకపోతే పేరు కొట్టేస్తారండీ."

ఆయన కళ్ళు తెరిచాడు. "ఏడాండీ?"

"ఏడండీ."

"ఆ ముక్క ఇందులో ఎక్కడుందమ్మా?"

తొందరపడు స్వభావము కాదు అన్నచోట వేలు పెట్టి చూపించాను. చదువు రాకపోయినా ఆయన వంగి, పడవకి చిల్లు ఎక్కడ పడిందో చూసినట్టు ఆ చోటునే చాలాసేపు చూశాడు. వెనక నుంచి చినపడవ సన్నగా అన్నాడు, "నేను చెప్పేను కదా నాన్నా." ఆ సంగతీ అప్పుడు బయటికొచ్చింది. వాడు మొదటి రోజునే నాకు ఏడే వచ్చాయని మొత్తుకున్నాడట. టీచరమ్మగారు అంత చక్కగా రాస్తే నువ్వు అబద్ధాలాడతావా అని తండ్రి రెండు తగిలించాడట. ఇన్నేళ్ళకీ ఆ రెండు దెబ్బలూ తలుచుకుంటే నా వీపు మీదే పడ్డట్టుంటుంది.

పడవాయన కోప్పడలేదు. అదే నాకు కష్టమైంది. ఉత్తరం మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టి, నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకండమ్మా, మాకు చదువు లేదు. ధాన్యం బస్తా తడిసిందనుకోండి, తడిసిందండీ అనే చెప్తాం షావుకారుగారికి. అప్పుడే చెప్తే ఎండేసుకుంటారండీ. కాస్త చల్లబడిందండీ అని ఊరుకున్నామనుకోండి, మొలకలొచ్చేస్తాయండీ."

"ఆయ్," అన్నాను.

సోమవారం మొదటి గంట కొట్టేసరికి చినపడవ బెంచీలో ఉన్నాడు. మొదటి బెంచీలో. నేను తిన్నగా హెడ్మాస్టారి గదికి వెళ్ళి, పంపేస్తే పంపేస్తారని, జరిగిందంతా చెప్పేశాను. ఆయన అంతా విని, పొడుం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసి, "కొంతమందికి ఉత్తరం అర్థం కావడానికి కాలం పడుతుందమ్మా. పడనివ్వాలి," అన్నారు. పడవాయన గురించి అంటున్నారనుకున్నాను. ఇకమీదట ఉన్నది ఉన్నట్టే రాస్తానండీ అన్నాను. "ఆయ్, మంచిదమ్మా," అన్నారు.

అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక పడవాయనకి రెండు ముక్కలే రాశాను. "లెక్కల్లో ఇరవై రెండు, చాలదు. నిద్ర మానేశాడు." వాణ్ణి రోజూ సాయంత్రం ఒక గంట కూచోబెట్టుకున్నాను, వాడి పుణ్యమా అని నేనూ కథలు తగ్గించి పాఠం చెప్పడం నేర్చుకున్నాను. సంవత్సరం ఆఖర్న వాడికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. నన్నూ ఖాయం చేశారు. నా ప్రతిభ వల్లనే అనుకున్నాను, ముప్ఫై ఏళ్ళు ఆ బళ్ళోనే చేసి, అలా అనుకుంటూనే రిటైరయ్యాను.

మొన్న వానలకి చెమ్మెక్కిన పెట్టెలు పెరట్లో ఎండలో పెడుతుంటే నాన్నగారి బైబిలు కనపడింది. ఆయన పోయాక ఇంటి నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే. తిరగేస్తుంటే అందులోంచి ఆ ఉత్తరం జారింది. ఎంతో ఇష్టంగా విప్పాను. కంఠము మూడు గదుల అవతలికి వినవచ్చును. పిల్లలు మిక్కిలి స్వేచ్ఛగా. పాఠమునందును ప్రీతి కలుగగలదని మా ఆశ. ఎక్కడి నుంచి వచ్చాడో, పడవాయన నా భుజం మీంచి వంగి, ఆ ముక్క ఇందులో ఎక్కడుందమ్మా అన్నట్టయింది. ఉంది. ప్రతి వాక్యంలోనూ ఉంది. బస్తా అడుగు దాకా తడిసి ఉంది.

కాగితం వెనక్కి తిప్పితే, పెన్సిలుతో నాన్నగారి గుండ్రటి దస్తూరీ కనపడింది. జవాబు రాసే ముందు చిత్తుప్రతి రాసుకోవడం ఆయన అలవాటు. "అయ్యా, తమ ఉత్తరము అందినది. అర్థమైనది. పిల్లకు ఒక్క యేడు గడువిచ్చి ఓపిక పట్టవలెనని ప్రార్థన. దీనిని గురించి ఆమెతో ఏమియు అనకుడు, ఆమె చాల సంతోషముగా నున్నది."

గుడి మెట్ల మీద మూడు వాక్యాలు చదివి ఆపేసిన నాన్నగారు, ఆ సాయంత్రం బూరెలు తింటూ నాకేసి చూసి నవ్విన నాన్నగారు కళ్ళ ముందుకొచ్చారు. ఎండలో కూచుని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. వీధి గదిలో చదువుకుంటున్న మనవరాలు ఆ చప్పుడుకి పుస్తకం పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. మా వీధి గదికీ పెరటికీ మధ్య మూడు గదులున్నాయి.