దెబ్బ తగిలిందని చెప్పాను

పదేళ్ళు దాటింది. ఒక అమ్మాయి తన కన్నతల్లి దగ్గర అబద్ధాలకోరుగా మిగిలిపోయింది. నా వల్ల. ఈ మాట నా భర్తకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఖతర్‌కు వరల్డ్ కప్ వచ్చిందని దోహా అంతా తవ్వడం మొదలుపెట్టిన రోజులు. బీకాం చదివిన నేను మదీనత్ ఖలీఫాలో ఒక కెనడా టీచరమ్మ ఇంట్లో పనికి కుదిరాను. ఆమె కొడుకు డానీ సైనికుడు. అఫ్గానిస్తాన్‌లో డ్యూటీ. ఇరవై రెండేళ్ళు. ఒకసారి సెలవులో వచ్చి పది రోజులున్నాడు. ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వేయమనేవాడు. డ్రైవర్ రెడ్డన్న నేర్పిస్తే నన్ను "అక్కా" అని పిలిచేవాడు. తిరిగి వెళ్ళిన రెండు నెలలకు, రోడ్డు పక్కన బాంబు పేలి చనిపోయాడు.

కెనడా నుంచి అతని చెల్లెలు కేటీ ఫోన్ చేసింది. మేడం బడిలో ఉంది, సెల్ ఆపేసి ఉంది. ఇంటి ఫోన్ నేనే ఎత్తాను. ఆ పిల్ల ఆపుకోలేక నాతోనే అనేసింది, అన్న చనిపోయాడని.

రెడ్డన్నకు చెప్పాను. "అంత మాట మొగం మీదనే ఎట్ల చెప్తావు పాపా? ఆస్పత్రిలో ఉండాడని చెప్పు. మనూళ్ళల్లో చెప్పరా ఏంది?" అన్నాడు.

చెబుతారు. మా నాన్న పోయినప్పుడు నాకూ సీరియస్‌గా ఉందనే చెప్పారు. బస్టాండులో ఆయన కోసం బత్తాయిలు కొన్నాను. ఆ సంచీతో ఇంటి ముందు నిలబడి, చెప్పినవాళ్ళందరినీ మనసులో బూతులు తిట్టాను. మరి నేనెందుకు అదే చేశాను? జాలా? కాదు. ఆమె ఏడుపు నా కళ్ళముందు వద్దనుకున్నాను, ఇంకెవరి ముందైనా ఏడవనీ అనుకున్నాను, అంతే.

"డానీకి దెబ్బ తగిలిందట మేడం. కేటీ చెప్పింది."

కొడుకును కెనడాకే తెస్తారనుకుని మేడం ఆ రాత్రే విమానం ఎక్కింది. దారిలో ఎన్నిసార్లు చేసినా అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తలేదట. విమానం మారేచోట కొడుక్కి ఉన్ని మేజోళ్ళు కొన్నదట. కొట్టులోంచి బయటికి వస్తుంటే టీవీలో అతని ఫొటో.

అంత్యక్రియలయ్యాక తిరిగొచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"కేటీ ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు."

నా వీసా ఆమె చేతిలో ఉంది.

"దెబ్బ తగిలిందనే మేడం."

"నాకు తెలుసు! చనిపోయాడనే చెప్పానని నా దగ్గరే బుకాయిస్తోంది!"

ఆ తర్వాత ప్రతి శుక్రవారం కేటీ ఫోన్ మోగేది. మేడం నంబరు చూసి వదిలేసేది. నేను పక్కనే నేల తుడుస్తూ ఉండేదాన్ని.

ఇప్పుడు దోహా పక్కనే అల్ వక్రాలో ఉంటున్నాం. స్టేడియాలన్నీ సిద్ధమయ్యాయి. నాకు రెండేళ్ళ కొడుకు. వాడికి జ్వరమొచ్చి డాక్టర్ "ఏం లేదమ్మా" అంటే చాలు, నిజం చెప్పండి అని అరుస్తాను. ఎవరి మీద ఆ అరుపు?

రెడ్డన్న చెప్పమన్నాడు, వీసా భయం, చిన్న వయసు. ఈ సాకులు నాకే అసహ్యం. మేడం ఎక్కడుందో తెలియదని కూడా అనను. వెతికితే దొరుకుతుంది. నేను వెతకలేదు.

కేటీ ఆ రోజు చనిపోయాడనే చెప్పింది. విన్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరు కూడా.