నాలుగు ముఖాల బంగళాకు ఎర్ర గీత

పాప పుట్టడానికి ముందు ఏడాది, ఎండాకాలం మొదట్లో, చిత్తూరు దారిలోని ఒక పాత సినిమా స్టూడియోలో ఆర్ట్ విభాగం సహాయకురాలిగా చేరాను. పాప పుట్టాక మానేశాను కాబట్టి ఇప్పుడు నేను రిటైరయినట్టే లెక్క. ఆర్ట్ డైరెక్టరు కింద సహాయకులం మేము, మా కింద వడ్రంగులూ పెయింటర్లూ. అది కాగితం మీది వరస. పని తెలిసింది మాత్రం వాళ్లకే.

నాకు అప్పగించిన మొదటి పని శాశ్వత సెట్ల తనిఖీ. షూటింగు అయ్యాక విప్పేయకుండా ఏళ్ల తరబడి ఉంచేసేవాటిని అలా అంటారు. రైల్వే స్టేషను, ఊరి వీధి, గుడి గోపురం, అన్నీ చెక్క చట్రం మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. తట్టి చూడాలి. బీటలిచ్చి డొల్లగా మోగితే ఎర్ర సుద్దతో గీత పెట్టాలి. గీత పడ్డవి సోమవారం జేసీబీ పాలు.

ఆ స్థలానికంతటికీ గుర్తు నాలుగు ముఖాల బంగళా. తూర్పు నుంచి చూస్తే కోర్టు, దక్షిణం నుంచి ఆసుపత్రి, పడమర కాలేజీ, ఉత్తరం పోలీస్ స్టేషను. లోపల పెయింటర్ మస్తాన్ సాయిబు రంగుల గది. స్తంభాలన్నీ తట్టాను, ఖాళీ కుండల్లా మోగాయి. అసలే నాకు భయమెక్కువ. ఎవరి మీదైనా కూలితే? మళ్లీ ఒకసారి తట్టి, ఎర్ర గీత పెట్టి, జాబితా స్టూడియో మేనేజరు గారికి పంపేశాను.

సాయిబు బయటికొచ్చి గీత చూశాడు.

“ఏందమ్మా, నన్నూ కలిపి కొట్టేస్తావా?”

“స్తంభాలు డొల్ల, సాయిబూ.”

“అవి మేం అతికించిన మీసాలమ్మా! మీసం పీకి సూసి మనిషే లేడంటే ఎట్ల?”

లోపలికి తీసుకెళ్లి రంగు డబ్బాల అర పక్కకు జరిపాడు. వెనక మూరెడు మందం ఇటుక గోడ.

“బెల్లం గోదామమ్మా ఇది. స్టూడియో కంటే ముందు నుంచే ఈడ ఉండాది. మా నాయన బెల్లం దిమ్మెలు మోసింది ఈడనే. సినిమావోళ్లొచ్చి దీనికి నాలుగు మొగాలు తగిలించినారు.”

మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తాను. “స్టూడియోలో నిజం గోడ యాడుంటుందమ్మా!” అని నవ్వుతూనే వచ్చి, సెట్లను గుద్దే అలవాటు కొద్దీ ఆ ఇటుక గోడను పిడికిలితో ఒక్కటి గుద్దారు.

“అబ్బా!”

“డొల్లగా ఉండాదా సార్?” అన్నాడు సాయిబు.

పెయింటర్లు పగలబడి నవ్వారు. మేనేజరు గారికీ నవ్వు ఆగలేదు. చేతికి చుట్టుకోమని సాయిబు తడిగుడ్డ ఇస్తే, ఆయన ముందుగా బయటికెళ్లి దాంతో నా ఎర్ర గీత తుడిచేశారు.

సోమవారం బీటలిచ్చిన స్తంభాలు మాత్రమే పోయాయి. కొత్తవి పెట్టి, పడమటి ముఖాన్ని పెళ్లి మండపం చేశాం. అప్పటి నుంచి నా తనిఖీ ఫారంలో ఒక గడి పెరిగింది. తట్టి చూడటానికి ముందే దాన్ని నింపాలి: “లోపల పనిచేసేది ఎవరు? వాళ్లేమన్నారు?”