కూర కాదు

బాబాయ్ పోయారన్న కబురు నాకు ఫోన్‌లో తెలిసింది. ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, బచేలి బజారు వెనక సందులో మా ఇంటి తాళం తీస్తున్నాను. ఎస్.కోట నుంచి ఆయన మేనల్లుడు మాట్లాడాడు.

"మావయ్య పొద్దున్నే పోయాడండి. గుండె ఆగిపోయింది. మావయ్య ఫోన్‌లో మీ నంబరు 'సిస్టరమ్మ ఫ్రిజ్' అని ఉన్నాది. తెలిసినోళ్ళే అయుంటారని సేస్తన్నాను."

ఫ్రిజ్ ఏమిటని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ కబురు నేను ఇంకెవరికి చెప్పాలో కూడా తెలియలేదు. సాయంత్రం పాలావిడకు చెప్తే "అరే, వో గమ్లేవాలే బాబా?" అంది. కుండీల తాత అన్నమాట. పాలు పోసి వెళ్ళిపోయింది. ఈ హిందీ ఊళ్ళో ఆయన చావుకు జరిగిన పరామర్శ అంతే.

ఆయన నాకు చుట్టం కాదు. పక్క వాటాలో ఉండేవారు, మధ్యలో నడుమెత్తు గోడ. బైలడిల కొండ మీద ఇనప గనిలో షావెల్, అంటే రాయి తవ్వి ఎత్తే పెద్ద యంత్రం, నడిపి రిటైరయిన మనిషి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక అందరూ సొంతూళ్ళకు వెళ్తుంటే ఆయన మాత్రం ఇక్కడే రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఎందుకని అడిగితే "కొండ కనపడకపోతే నాకు నిద్దరట్టదమ్మా" అన్నారు. నేను ఇక్కడి అడవుల్లోనే దోర్నపాల్ పిల్లని, పెళ్ళి చేసుకోలేదు, ఒక్కదాన్నే ఉంటాను. నేను "ఏంది" అంటే ఆయన "ఏటి" అని దిద్దేవారు. ఆయన "ఏటి" అంటే నేను "ఏంది" అని దిద్దేదాన్ని. మా గోడ మీద జరిగిన తగువులన్నీ ఇలాంటివే.

ఆయన పెంచినవి మామూలు మొక్కలు కావు. హిమాలయాల వైపు నుంచి వచ్చిన ఒక ఇంజినీరు భార్య బదిలీ మీద వెళ్తూ మూడు చిన్న కుండీలు ఆయన చేతిలో పెట్టిందట. వాటిని హోస్టా అంటారు. అందులోనూ ఇవి మరుగుజ్జు రకం. ఆకులు చిట్టెలుక చెవులంత ఉంటాయి, మందంగా, కాస్త నీలం కలిసిన ఆకుపచ్చ. మొక్క మొత్తం అరచేతిలో పడుతుంది. పెద్ద కుండీ ఇస్తే తడి ఎక్కువై వేళ్ళు కుళ్ళిపోతాయని, వాటికి పాల డబ్బాలు, చెవి విరిగిన కప్పులు, చివరికి గనిలో తలకు పెట్టుకున్న పసుపు హెల్మెట్టు కూడా ఇచ్చారు. హెల్మెట్టుకు ఎర్రగా కాల్చిన చువ్వతో బొక్కలు పెట్టి, అడుగున గులకరాళ్ళు, పైన ఆకుమట్టి, ముతక ఇసుక. "ఇన్నేళ్ళు నా బుర్రని కాసింది. ఇప్పుడు దీన్ని కాస్తాది" అన్నారు. ఎండ తగలకుండా గోడ నీడలో పెట్టేవారు. వానాకాలం తెల్లారగానే ఆకుల కింద నత్తల్ని ఒక్కొక్కటే ఏరి, కాలువ అవతల వదిలి వచ్చేవారు. అవి మర్నాటికి మళ్ళీ వచ్చేవి. "ఇవీ మనలాగే, ఎల్లమన్నా ఎల్లవు" అని నవ్వేవారు.

ఆ మొక్కకు హోస్టా అనే పేరు ఆయన నోట ఎప్పుడూ నిలవలేదు. హాస్టల్ అయిపోయింది. "మా హాస్టల్ పిల్లలు" అనేవారు. ఆ పేరు ఒకందుకు సరిపోయింది కూడా. ఆ మొక్కలకు చలికాలంలో నిద్ర కావాలి. ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతాయి, మట్టిలో వేరు ఒక్కటే మిగులుతుంది. ఒకటి రెండు నెలలు గట్టి చలిలో పడుకుంటేనే మళ్ళీ లేస్తాయి. మా బచేలి చలి మనుషులకు చాలుతుంది గానీ వాటికి చాలదు. ఆయనకేమో ఫ్రిజ్ లేదు. నాకుంది.

మొదటి ఏడు డిసెంబరులో "నీ ఫ్రిజ్‌లో కూసింత సోటియ్యమ్మా" అని అడిగారు. ఆ మొక్కల నిద్ర సంగతి నాకప్పటికి తెలియదు, దేనికని అడగకుండానే సరేనన్నాను. నల్లా వచ్చినప్పుడు నీళ్ళు పట్టడానికి నా ఇంటి తాళంచెవి ఒకటి ఆయన దగ్గర ఉండేది. నేను డ్యూటీలో ఉండగా మూడు పొట్లాలు కూరగాయల అరలో పెట్టి వెళ్ళారు. సాయంత్రం వచ్చి విప్పి చూశాను. పిడికెడు తెల్లటి వేళ్ళు, మధ్యలో ముడి. సంతకు అడవి నుంచి ఎన్ని రకాల దుంపలు, వేళ్ళు వస్తాయో ఇక్కడివాళ్ళకు తెలుసు. నేను పుట్టి పెరిగిందే అవి తిని. పాపం బాబాయ్ చోటిచ్చినందుకు నాకోసం కూడా సంత నుంచి ఏదో తెచ్చి పెట్టారనుకున్నాను. రెండు పొట్లాలు విప్పి, కడిగి, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరాను. స్టీలు గిన్నెలో వేసి గోడ మీద నుంచి అందించాను.

"ఏంది బాబాయ్, ఎట్లుంది?" అని మర్నాడు అడిగాను.

"ఉప్పు సరిపోయిందమ్మా. కూసింత సేదున్నాది."

"ఏం దుంప అది? నేనెన్నడూ చూడలే."

ఆయన ఖాళీ గిన్నె కడుగుతున్నారు. తల ఎత్తకుండా అన్నారు. "దుంప గాదమ్మా. మా హాస్టల్ పిల్లలు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గోడ పట్టుకుని ఏడ్చేశాను. మరి తెలిసి ఎందుకు తిన్నారని అడిగాను. "నువ్వు నూరి తెచ్చినావు గదా. పారబొయ్యమంటావేటి?" అన్నారు. ఆ తర్వాత, "ఒకటి మిగిలింది గదమ్మా, ఊరుకో" అన్నారు. నా మీద అంత దయ చూపించినవాళ్ళు నా జీవితంలో ఎక్కువమంది లేరు.

తర్వాతి ఏడు నుంచి పొట్లం మీద లావు మార్కరుతో తెలుగులో రాసి పెట్టేవారు: కూర కాదు. నేను చదువుకున్నదంతా హిందీలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఈ రెండు మాటలూ చదివేదాన్ని. నా ఇంట్లో ఉన్న తెలుగు రాత అదొక్కటే.

ఆ మిగిలిన ఒక్క మొక్కే హెల్మెట్టులో ఏటేటా కొంచెం కొంచెం గుబురైంది. "నాకూ ఒక పిలక ఇయ్యి బాబాయ్" అని అడిగేదాన్ని. "దానికింకా ఈడు రాలేదమ్మా. తొందరపడి ఇడదీస్తే రెండూ దిగులుపడతాయి" అనేవారు. మట్టిలో పెట్టాక లేచిందా లేదా అని నేను వేలు పెట్టి కెలికితే మాత్రం కోప్పడేవారు. "నిద్దరోతన్నోళ్ళని తవ్వి సూడకూడదమ్మా. నీళ్ళు సిలకరించి నీ పని నువ్వు సూసుకో."

ఈసారి కూడా డిసెంబరులో పొట్లం పెట్టారు. జనవరిలో ఎస్.కోటలో చెల్లెలికి కంటి ఆపరేషన్ అని బయల్దేరారు. సంచీ పట్టుకుని గోడ దగ్గర ఆగి, "నానొచ్చి తీస్తాను. అందాకా నువ్వు ముట్టుకోకు. నువ్వు ముట్టుకుంటే పచ్చడే" అని నవ్వారు. ఆ నవ్వుతోనే స్టేషనుకు వెళ్ళారు.

పోయారని తెలిశాక ఆ పొట్లం అలాగే ఉంచాను. తీయాల్సిన రోజులు దాటిపోతున్నాయని తెలుసు. ఇంకా ఉంచితే ఎండిపోతుందనీ తెలుసు. కానీ ఆయనే వచ్చి తీస్తానన్నారు కదా. అది అక్కడున్నంత కాలం ఆయన రావడం బాకీ ఉన్నట్టే. ఇలా అనుకోవడం నర్సు ఉద్యోగం చేసేదానికి తగదు. నేను చావులు చూసినదాన్ని, బంధువులకు నా నోటితో చెప్పినదాన్ని. అయినా తలుపు తీయడం, ఆ రెండు మాటలు చదవడం, మూసేయడం. మూడు వారాలు ఇదే పని.

ఒక ఆదివారం వంకాయలు పెట్టబోతూ ఆ పొట్లాన్ని పక్కకు జరిపాను. బాగా తేలికగా తగిలింది, ఎవరూ వచ్చి తీయక ఎండిపోతోంది. అప్పుడు నా చిన్నతనం గుర్తొచ్చింది. నేను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పెరిగాను. సెలవులిచ్చిన రోజు అందరి పిల్లలకూ ఎవరో ఒకరు వచ్చేవారు. నాకు ఎవరూ రాలేదు, రెండేళ్ళు. రేకు పెట్టె మీద కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండేదాన్ని. ఆ చీకటి అరలో ఉన్నదాన్ని నేనే అలా కూర్చోబెట్టాను. సిగ్గేసింది. వంకాయలు కింద పడేసి, పొట్లం బయటకు తీశాను.

విప్పితే లోపల రెండు చిన్న పొట్లాలు ఉన్నాయి. ఒకదాని మీద ఏమీ లేదు. రెండోదాని మీద ఉంది.

"సిస్టరమ్మది. ఇది కూడా కూర కాదు."

విడదీశారు. నాకు చెప్పకుండా, వచ్చాక ఇద్దామనుకుని, డిసెంబరులోనే విడదీసి పెట్టారు. వంటగదిలో నేల మీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఓదార్చేవాళ్ళు ఉంటే త్వరగా ఆగేదేమో.

ఆయనది హెల్మెట్టులోనే నాటాను. నాదానికి ఆ పచ్చడి గిన్నె తీసి, అడుగున మేకుతో బొక్కలు కొట్టాను. గులకరాళ్ళు, ఆకుమట్టి, ఇసుక, అన్నీ ఆయన చేసినట్టే. రెండూ గోడ నీడలో పక్కపక్కన పెట్టాను. అవతలి వాటాకు ఇంకా ఎవరూ రాలేదు, తాళం వేలాడుతోంది.

ఇప్పుడు మార్చి. పోయిన వారం గిన్నెలో బియ్యపుగింజంత మొన కనిపించింది. ఇవాళ్టికి గట్టిగా చుట్టుకున్న ఆకు ఒకటి వేలి గణుపంత లేచింది. పొద్దున్నే అది చూసి "బాబాయ్, లేచింది!" అని గోడ అవతలికి గట్టిగా కేకేశాను. తర్వాత గానీ గుర్తు రాలేదు.

హెల్మెట్టులో మట్టి ఇంకా అలాగే ఉంది. రోజూ వేలు దాని దాకా పోతుంది, వెనక్కి తీసుకుంటాను. తవ్వి చూడకూడదు. నీళ్ళు చిలకరించి డ్యూటీకి వెళ్తున్నాను.