గట్టు పక్క సాలు

మా సారు పోయారని ఆదివారం పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసింది. "నాయిన బల్ల మీద నీ పేరు రాసిన కవరున్నది అక్కా, వచ్చినప్పుడు తీస్కపో" అన్నది. అందులో ఏముందో నాకు తెలుసు. ఏడుపు కంటే ముందు భయమేసింది.

ప్రకృతిని రైతులు ఎట్లా చూస్తారు, కాపాడమని డబ్బులిస్తే ఆ చూపు ఏమవుతుంది? సారు ఉద్యోగ జీవితమంతా పరిశోధించింది ఇదే. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీ చేశాను. సిద్దిపేటలో బస్సెక్కి దుబ్బాక వైపు ఊళ్లకు పోయేవాళ్లం. ఎవరింట్లోనైనా చాయ్ తాగడం అయ్యేదాకా ప్రశ్నల కాగితం బయటికి తీయనిచ్చేవారు కాదు. నాకేమో తొందర. "ముందు ఇను. రాసుడేడికి పోతది" అనేవారు. వినడమంటూ నాకేమైనా వచ్చిందంటే ఆయన చలవే.

ఒక ఊళ్లో జొన్న చేలల్లో గట్టు పక్క సాలును కోయకుండా పిట్టలకు వదిలేవాళ్లు. తాతల నాటి అలవాటు. అది నిలవాలని, వదిలినవాళ్లకు మా ప్రాజెక్టు తరఫున మూడు పంటలు డబ్బులిచ్చాం. మా వ్యాసానికి మంచి పేరొచ్చింది, నాకు ఉద్యోగమూ వచ్చింది. ప్రాజెక్టు అయిపోయిన ఏడాది పోయి చూస్తే చేలన్నీ గట్టు దాకా నున్నగా కోసి ఉన్నాయి.

"గట్టు సాలు గూడ కోసినవేందవ్వా?" అని సారు అడిగితే, ఎప్పుడూ మాకు చాయ్ పోసే అవ్వ ఆయన్నే వింతగా చూసింది.

"గది మీ సాలు గద సారూ. మీరు పైసలు బంద్ జేసిన్రు, మేం కోసుకున్నం."

వారం తర్వాత సారు, మన వల్లే ఆ అలవాటు పోయిందని ఇంకో వ్యాసం రాద్దామన్నారు. నేనే అడ్డుపడ్డాను. ఒక్క ఊరిని చూసి ఎట్లా చెప్తాం సార్ అని పెద్ద పండితురాలిలా మాట్లాడాను. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, అసలు సంగతి అది. ఆయనకూ తెలుసు. "సరే, నువ్వెప్పుడంటే అప్పుడే" అన్నారు. మళ్లీ అడగలేదు. ఒక్కసారి గట్టిగా కోప్పడి ఉంటే బాగుండేది.

వాళ్లింటికి పోయి కవరు తెరిస్తే, నేను అడ్డుపడ్డ ఆ వ్యాసమే ఉంది, శుభ్రంగా రాసి. చివర ఆయన సంతకం. పక్కన నాకోసం జాగ వదిలారు. ఆయన ఉండగా పెట్టాల్సిన సంతకం, ఆ బల్ల దగ్గరే నిలబడి పెట్టాను.

బయటికొస్తే, వాకిట్లో సారు పిట్టలకని కట్టిన జొన్న కంకుల కుచ్చు వేలాడుతోంది. గింజలెప్పుడో అయిపోయాయి. ఒక పిచ్చుక ఇంకా పొడుస్తూనే ఉంది.