మాల సరే, దావ యాడ?

ఉమామహేశ్వర చిన్నప్పట్నుంచీ ఒకచోట కుదురుగా కూచున్న మనిషి కాదు. వీడు కాలుగాలిన పిల్లి, అన్నం గూడా నిలబడే తింటాడు అనేది వాళ్లమ్మ ఉరుకుందమ్మ. ఓర్వకల్లులో బోరు మోటార్లు బాగుచేసేటోడు. ఏ పల్లెలో మోటారు కాలినా పోయేటోడు, ఏ పల్లెలో మనిషి పోయినా పోయేటోడు. పాడెకు భుజం పట్టకుండా వచ్చేటోడు కాదు. ఆ భుజమే ఆయన్ను సర్పంచిని చేసింది, ఆఖరికి ఎమ్మెల్యేను గూడా చేసింది.

ఎమ్మెల్యే అయినాక కష్టమొచ్చి పడింది. యాడ చావైనా, ఎదుటి పార్టీ శివకుమార్ ముందే వచ్చి మాలేసి, ఫోటో దిగి పోతాండాడు. దాంతో మనోడికి నిద్ర ల్యా. ఫోన్ చెయ్యనీకె ఊరికొక మనిషిని పెట్టుకున్యాడు.

ఒక మధ్యాన్నం మా పల్లె నుంచి ఫోనొచ్చింది. లక్ష్మన్న పెద్దాయనకు శానా సీరియస్‌గా ఉండాది, సాయంత్రం దాటేది కష్టమని. ఇంకొకరైతే సాయంత్రం దాంకా ఆగుతారు. ఈయన దావలోనే చామంతి మాల కొనుక్కోని కారు ఉరికించినాడు. గన్‌మాన్ మాల పట్టుకోని ముందర, ఈయన ఎనక, వాకిలి దాటి లోపలికి పోతే ఏముండాది? పెద్దాయన మంచం మీద గోడకానుకోని, కోడలు ఈరక్క తాపిస్తాంటే గంజి తాగుతాండాడు.

ఈరక్క గిన్నె అట్లే పట్టుకునింది. గన్‌మాన్ మాల ఈపు ఎనక పెట్టుకున్యాడు. అంత లావు మాల యాడ దాగుతాది?

"దాచొద్దులేప్పా, నా మాలే కదా," అన్యాడు పెద్దాయన. "మాలైతే తెచ్చినావు. మరి నన్ను యా దావన తీసకపోతావు ఉమామహేశ్వరా?"

ఆ మాట నిజమే. మా శ్మశానం కొండ కింద ఉండాది. మధ్యలో భూములు తీసుకోని ఒక ఫ్యాక్టరీ గోడ కట్టింది. చుట్టూ తిరిగి పోదామంటే అంతా రాతి గుండ్లు, పాడె మొయ్యనీకె కాదు. అప్పట్నుంచి పోయినోళ్లను చెరువు పక్కన పూడుస్తాండారు. లక్ష్మన్న పెండ్లాం మాత్రం ముందే పోయింది, గోడకు ఆ తట్టు ఉండాది. ఆమె పక్కనే పండుకోవల్లని ఆయన కోరిక. నన్ను గెలిపిస్తే గోడలో దావ ఇప్పిస్తానని ఓట్లప్పుడు చెప్పింది ఈ మనిషే.

ఆ పొద్దునుంచి చూడల్ల ఆయన తిరుగుడు. కలెక్టరాఫీసు, ఫ్యాక్టరీ ఆఫీసు, అమరావతి. అసెంబ్లీలో ఎన్నడూ నోరు తెరవనోడు లేసి అడిగినాడు. పరిశీలిస్తామన్నారంట. తెల్లారితే ఈరక్కకు ఫోను.

"మామ ఎట్లుండాడక్కా?"

"సంగటి తిన్యాడు సార్. నువ్వు తిన్యావా?"

మొదట్లో అది భయమే, దావ రాకముందే పెద్దాయన పోతాడేమోనని. పోను పోను ప్రేమే అయ్యుంటాది, ఎవరికి తెల్సు.

ఇంతలో ఓట్లొచ్చినాయి. దావ రాల్యా, ఈయన ఓడిపోయినాడు, శివకుమార్ గెలిచినాడు. ఊర్లలో పెట్టుకున్న మనుషులంతా ఆ తట్టుకు ఫోన్లు చెయ్యబట్టినారు. ఈయన మాత్రం తెల్లారి ఫోను మానల్యా.

చలికాలంలో ఒక పొద్దున ఈరక్కే ముందు చేసింది. ఈయన మోటారుసైకిల్ మీద ఉత్త చేతుల్తో వచ్చినాడు. పాడెకు భుజం పట్టినాడు. జనం చెరువు పక్కకు తిరగబోతే ఆపి, నేరుగా ఫ్యాక్టరీ గేటు కాడికి నడిపించినాడు. దింపుడు కళ్లం ఉంటాది కదా, శ్మశానం దావలో పాడె దింపి చెవిలో పిలిచేది, అది గేటు ముందరే చేయించినాడు. కొడుకు పిలిచినాడు. పిలిచేదైపోయినా పాడె ఎత్తనియ్యల్యా.

సెక్యూరిటీ వాళ్లొచ్చి లెయ్యమంటే, "మా పెద్దాయన ఇంకా పలకల్యాప్పా. పలికేదాంకా పిలుస్తాము," అన్యాడు.

లారీలు నిలబడిపోయినాయి. మాల తెచ్చిన శివకుమార్ కారు గూడా లారీల ఎనక ఇరుక్కునింది. పాపం ఆయనా ఫ్యాక్టరీ వాళ్లకు ఫోన్లు చెయ్యాల్సొచ్చింది. మధ్యాన్నానికి గేటు తెరిచినారు. లక్ష్మన్నను పెండ్లాం పక్కనే పెట్టినాము. ఇప్పుడు ఎవరు పోయినా అదే దావ.

మరుసట్రోజు తెల్లారి ఈరక్క ఫోను మోగింది.

"మామ ఎట్లుండాడక్కా?" అనేసి నాలిక్కరుచుకున్యాడంట.

"అత్త పక్కన పండుకోనుండాడు సార్," అనింది ఈరక్క. "నువ్వు గూడా యాడన్నా కూచో ఇంక."

యాడ కూచుంటాడు. అప్పటికే బండి మీదుండాడు.