గంధం పూసిన రేడియో

గోరంత గంధంతో నిండు వేడుకను నాశనం చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నా దగ్గరికి రండి. ఈ విద్యలో మైలాపూరు మొత్తానికి నన్ను మించినవాళ్ళు లేరు.

మనవళ్ళను ఎత్తుకునే వయసులో నాచేత అక్షరాలు దిద్దించిన మహాతల్లి మా టీచరమ్మ. ఆవిడకు డెబ్బై ఏళ్ళు నిండాయి. చూపు మందగించి పేపరు చదవలేకపోతున్నారు. పొద్దున్నే తెలుగు వార్తలు వినిపించే పాత రేడియో కాస్తా మూగబోయింది. అది లేక ఆవిడకు తెల్లవారినట్టే ఉండటం లేదు. పుట్టినరోజుకు కొత్తది ఇద్దామని ఆవిడ దగ్గర చదువుకున్న క్లాసు ఆడవాళ్ళం అనుకున్నాం. కొనే బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

పక్కింటి కనకమ్మను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన రెండు రేడియోలు ముందు పెట్టాడు. ఒకటి చక్రం తిప్పే పాత రకం. రెండోది డిజిటల్. ఆటలమ్మ పోసిన పిల్లాడిలా ఒళ్ళంతా బటన్లే.

"పెద్దామెకయితే ఈ చక్రందే సులువు అక్కా."

"మా టీచరమ్మంటే ఏమనుకుంటుండావు? బటన్లు ఎక్కువుండేదే ఇయ్యి."

"ఏమ్మే, ఆమెకు వార్తలు కావల్నా, బటన్లు కావల్నా?" అని గొణిగింది కనకమ్మ.

"నువ్వు ఊరికే ఉండు కనకా. నేను చూసుకుంటా గదా!"

చూసుకున్నాను. కొత్త వస్తువేదైనా బొట్టు పెట్టనిదే మా ఇంట్లో వాడం. బీరువా, కుక్కరు, మా ఆయన స్కూటరు, అన్నీ బుద్ధిగా పెట్టించుకున్నాయి. రేడియోకు మాత్రం నొసలు ఎక్కడుందో తెలియలేదు. ఒక బటనుకు పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే ఏం మర్యాద? పేరంటాళ్ళకు పెట్టినట్టు వరసగా అన్నిటికీ చిక్కటి గంధం పెట్టి, పైన కుంకుమ అద్దాను. కొంచెం సందుల్లోకి జారింది. లోపలివాళ్ళకు కూడా అందాలి కదా అనుకున్నాను.

వేడుక రోజుకు ఆ గంధం సిమెంటులా బిగిసింది.

టీచరమ్మ ఇంట్లో హాలు నిండా చుట్టాలు. పుట్టినరోజు పూజ చేయించే శాస్త్రిగారు పీట మీద సర్దుకుంటున్నారు. టీచరమ్మ రేడియోను ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లను నిమిరినట్టు నిమిరి, "ఒక్కసారి పలికించవే, విందాం" అన్నారు. నొక్కాను. బటను లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. రేడియో మాత్రం పలికింది. ఏదో తమిళ స్టేషను. మూలవ్యాధి గురించి ఒక వైద్యుడు మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గిద్దామని పక్క బటను నొక్కాను. అది పెంచే బటను. అదీ లోపలే ఉండిపోయింది.

"గోత్రం చెప్పండమ్మా" అన్నారు శాస్త్రిగారు.

"ముందు విరేచనం సంగతి చెప్పండి" అన్నాడు వైద్యుడు, హాలు అదిరేలా.

"ఆపుమే!" అని అరిచింది కనకమ్మ.

"ఆగితే గదా!"

"బ్యాటరీ పీకు!"

"అది లోపలే అతికించి ఉండాది!"

శాస్త్రిగారు గొంతు పెంచారు. వైద్యుడికి ఆ అవసరం లేకపోయింది, నా బటనే పెంచుతోంది. "ఎన్నాళ్ళుగా ఉంది ఈ బాధ?" అని ఆయన గద్దించేసరికి, మూల కుర్చీలో కునుకుతున్న టీచరమ్మ మరిదిగారు ఉలిక్కిపడి లేచి, "శానా ఏళ్ళయింది డాక్టర్!" అనేశారు.

రేడియోను కొంగులో చుట్టాను. ఇప్పుడు కొంగు వైద్యం చెప్పసాగింది. వంటింట్లోకి పరుగెత్తి, బియ్యం డబ్బాలో కుక్కి, మూత పెట్టి దానిమీద కూర్చున్నాను. కారం తగ్గించమనీ మజ్జిగ తాగమనీ నా కిందినుంచి వినబడుతూనే ఉంది.

ఛార్జింగు అయిపోయాక టీచరమ్మ వచ్చారు. నేనింకా డబ్బా దిగలేదు.

"కొట్లో జాగ్రత్తలేమీ చెప్పలేదుటే?"

"చెప్పినాడమ్మా. తడి తగలనీయొద్దన్నాడు."

"మరి గంధం?"

"అది తడి కాదు గదమ్మా, పూజ!"

టీచరమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు.

మర్నాడు కొట్టాయన సూదితో గీకి, పళ్ళ బ్రష్షుతో తోమి రేడియోను దారిలో పెట్టాడు. ఇప్పుడది పొద్దున్నే తెలుగు వార్తలు చదువుతోంది. "వార్తలు ఎంత చెడ్డవైనా వాసన మాత్రం బాగుందే" అంటారు టీచరమ్మ.

అందుకని, ఛార్జరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బటను ఉన్న ఏ వస్తువుకూ ఈ జన్మలో మళ్ళీ గంధం పూయను. నిన్న మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. మాట మీద నిలబడ్డాను. అట్టపెట్టెకు మాత్రమే పెట్టాను.