కృష్ణల పడ్డ గడియారం

ఒకరి సంసారంల మంట పెట్టాలంటే పగోడే కావాల్నా? నాసొంటి తెలివిగలోడు ఒక్కడు బస్సెక్కితే చాలు. నాలుగేండ్ల కింద చేసిన ఘనకార్యం చెప్త, మీరు నవ్వుకోండ్రి. నాకైతే ఇంకా నవ్వొస్తలేదు.

నాకు పాత చేతి గడియారాల పిచ్చి. కీ ఇచ్చేటియే కావాలె, ఎనుక ఒక ముచ్చట ఉండాలె. చౌటుప్పల్‌ల మందుల ఫ్యాక్టరీల కొలువు. సెలవు దొరికితే గడియారాల కోసం ఊర్లు పట్టుకొని తిరుగుడే. ముచ్చట బాగుంటే ముల్లు ఇరిగిందైనా చేతికి పెట్టుకుంట.

అట్ల నందికొండల మల్లయ్య కలిసిండు. కృష్ణ మీది డ్యాం గేట్ల కాడ పనిచేసి గప్పుడే రిటైరైండు. చాయ్ హోటల్ల నా చేతుల ఒక గడియారం పెట్టిండు.

"పెండ్లిల మా మామ పెట్టిండు. గిది చూసి మా ఇంటామె ఆరింటికి ఇంట్ల ఉండాలన్నది. డ్యూటీ అయినంక దోస్తులతోని పేక పత్తాలాడకుంట ఎట్లుంట? కృష్ణల పడ్డదని చెప్పి ఆఫీసు డబ్బాల దాసిన. గిప్పుడు రిటైరైతి, యాడ దాయాలె? నువ్వు తీస్కో. కని ముచ్చట బయటపెట్టకు."

"పానం పోయినా పెట్ట," అన్న.

పానం పోలే. నెల పోయింది, గంతే.

ఇంకో గడియారం ఉన్నదంటే, మల్లయ్య ఇచ్చింది చేతికి పెట్టుకొని మల్ల నందికొండకే బయలెల్లిన. నల్గొండల బస్సెక్కితే పక్క సీట్ల ఒక పెద్దమ్మ.

"టైమెంత బిడ్డా?"

మూడున్నర అని ఊకోవాలె గద? ఊకోలే. "మూడున్నర. కని పెద్దమ్మా, గీ గడియారం ముచ్చట ఇనాలె నువ్వు!"

ఆమె వంగి చూసింది. మల్లొకసారి చూసింది. "చెప్పు మరి."

"దీన్ని కృష్ణల పడ్డదని ఒకాయన పెండ్లాన్ని నమ్మించిండు."

"ఆమె నమ్మిందా?"

"నమ్ముడేంది! తిరిగియ్యమని ఏటా కృష్ణమ్మకు కొబ్బరికాయ కొడ్తదట. గా కొబ్బరి ఈయనే తింటడట!" కడుపు పట్టుకొని నవ్విన.

పెద్దమ్మ నవ్వలే. "ఆలిశమైతే ఏమంటడట?"

"గడియారం పాయె, నాకు టైమెట్ల ఎరుక అంటడట!"

"సెల్‌ఫోన్లొచ్చినంక?"

"చార్జింగ్ లేదని!"

"ఔను," అన్నది మెల్లగ. "గదే అంటడు."

నా నవ్వు రేగ్గాయ గింజ లెక్క గొంతుల అడ్డం పడ్డది.

"పెద్దమ్మా... మీదే ఊరు?"

"పుట్టింది మర్రిగూడ, ఇచ్చింది నందికొండ. గా గడియారం కోసం మా నాయిన రెండు గొర్లమ్మిండు. ఎనుక మూత మీద గీత ఉంటది, చూడు."

చూసుడెందుకు? ఉన్నదని నాకెరుకే. "బస్సాపుండ్రి, దిగుత!" అని లేసిన. ఆమె నా మణికట్టు పట్టింది. దొంగను పట్టిన పోలీసు జవాన్ గూడ గంత గట్టిగ పట్టడు.

"కూసో బిడ్డా. నందికొండ దాక టికెట్ తీస్కున్నవు గద."

ఇంటికి పోతే మల్లయ్య లేడు. ఆమె నాకు చాయ్ పోసింది. పొద్దు గూకినంక మల్లయ్య పాటలు పాడుకుంట వచ్చిండు, తలుపెనుక కూసున్న నన్ను చూడలే.

"గింత ఆలిశమెందుకైంది?" అన్నది ఆమె.

"టైమెట్ల ఎరుక? ఫోన్ల చార్జింగ్ లేదు."

"ఏడుంబావు," అన్న నేను. అలవాటు పాడుగాను!

మల్లయ్య నన్ను చూసిండు. నా చేతిని చూసిండు.

ఆమె తిట్టలే. నా చేతి గడియారం ఇప్పి, కొంగుతోని అద్దం తుడిచింది. "మా నాయిన పోయిననాడు గిదన్న ఉంటే బాగుండు అనుకున్న," అన్నది. మల్లయ్య తలకాయ వంచుకొని, తనే చెయ్యి చాపిండు. ఆమె పట్టీ బిగ్గ కట్టింది.

నన్ను సాగదోల్తనని మల్లయ్య బయటికొచ్చిండు. తంతడేమో అనుకున్న. చెవుల మెల్లగ అడిగిండు: "కొబ్బరి ముచ్చట గూడ చెప్పినవా?"

"చెప్పిన."

"అయితే నేనొక్కన్నే లోపలికి పోను, నువ్వే ముందు నడువు!"

గందుకే మీ అందరి సాక్షిగ ఒట్టు పెడ్తున్న: ఇగ ఈ జన్మల, పక్క సీటోళ్ల ఊరు, పేరు, మొగని పేరు, ఆయన చేసిన కొలువు, అన్నీ అడిగినంకనే నోరు తెరుస్త.